పీఎస్ 4 వెనక ఐదు ఫ్యాన్ల కూలర్ తగిలించాలా? ముందు గాలి ఎక్కడ ఆగిందో చూడండి

నమస్కారమండి. మీరు అడిగింది ఇది: పాలకొల్లు దగ్గర మీ ఇంట్లో ఆరేళ్ళ కిందట కొన్న పీఎస్ 4 స్లిమ్ ఉంది, అంటే టీవీకి తగిలించి ఆటలాడే సోనీ ప్లేస్టేషన్ కన్సోల్. ఏప్రిల్ నుంచి అరగంట ఆడేసరికి ఫ్యాన్ గట్టిగా మోగుతోంది. ఆ తర్వాత బాగా వేడెక్కిందని, ఆపేసి చల్లారనివ్వమని మెసేజ్ వచ్చి ఆగిపోతోంది. మీ అబ్బాయి ఆన్‌లైన్‌లో వెనక తగిలించే ఐదు ఫ్యాన్ల కూలర్ చూశాడు, ధర 1,400 రూపాయలు. కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వద్దండి. ఇప్పుడే కొనకండి. నూటికి తొంభై మందికి ఆ డబ్బు వృథా అవుతుందని నా అనుభవం. ముందు కన్సోల్ పెట్టిన చోటు మార్చి చూడండి, తర్వాత లోపలి దుమ్ము తీయించండి. ఈ రెండూ చేశాక కూడా వేడి తగ్గకపోతే అదనపు ఫ్యాన్ గురించి ఆలోచించొచ్చు. అప్పుడు కూడా దాన్ని కన్సోల్‌కి తగిలించకూడదు, కన్సోల్ ఉన్న అరకి పెట్టాలి. ఎందుకో చెబుతాను.

నేను రావులపాలెంలో పద్నాలుగేళ్ళుగా టీవీలు, కన్సోళ్ళు బాగు చేస్తున్నాను. ఏటా మార్చి చివర నుంచి జూన్ వరకు నా బల్ల మీదకి వచ్చే కన్సోళ్ళలో ఎక్కువ భాగం మీదిలాంటివే. వాటిలో చాలావాటికి అప్పటికే ఏదో ఒక కూలర్ తగిలించి ఉంటుంది. అది పెట్టినా ఆగడం లేదనే వాళ్ళు నా దగ్గరికి వస్తారు.

ఫ్యాన్ గాలిని చల్లబరచదండి, కదుపుతుంది అంతే. మే నెలలో మనం ఫ్యాన్ కింద కూర్చుంటే హాయిగా ఉండేది ఒంటి మీద చెమట ఆరుతుంది కాబట్టి. కన్సోల్‌కి చెమట పట్టదు. గదిలో 37 డిగ్రీలు ఉంటే ఐదు ఫ్యాన్లు కాదు, యాభై ఫ్యాన్లు పెట్టినా లోపలికి వెళ్ళేది 37 డిగ్రీల గాలే. పీఎస్ 4, పీఎస్ 5 రెండింటి మాన్యువల్‌లోనూ 5 నుంచి 35 డిగ్రీల గదిలో వాడమని ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి మన రేకుల ఇళ్ళలో, పై అంతస్తు గదుల్లో ఆ గీత దాటిపోతుంది. గది పది డిగ్రీలు చల్లగా ఉంటే చిప్ కూడా ఇంచుమించు పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆ తేడా ఏ తగిలింపు ఫ్యాన్‌తోనూ రాదు.

రెండో కారణం మన ప్రాంతం వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. కాలువలో గుర్రపుడెక్క అడ్డం పడి పొలానికి నీళ్ళు రాకపోతే దిగువన ఇంకో మోటారు పెట్టి లాగరు కదా, డెక్క తీస్తారు. మీ కన్సోల్‌లో ఇప్పుడు ఉన్నది దాదాపు ఖాయంగా డెక్కే. లోపల చిప్ మీద హీట్‌సింక్ అని సన్నటి లోహపు రేకుల గుత్తి ఉంటుంది. ఫ్యాన్ గాలి ఆ రేకుల సందుల్లోంచి దూరి వెనక నుంచి వెళ్ళిపోవాలి. ఆ సందులు ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఉంటాయేమో. ఆరేళ్ళ దుమ్ము అక్కడ పేరుకుని మందపాటి గుడ్డలా తయారవుతుంది.

లోపల ఉన్న ఫ్యాన్ మామూలుది కాదు. దాన్ని బ్లోయర్ అంటాం. 12 వోల్టులతో తిరుగుతూ, మధ్యలోంచి గాలి లాక్కుని పక్కకి ఒత్తిడితో నెడుతుంది. మీ అబ్బాయి చూసిన కూలర్‌లో ఉండేవి యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు తీసుకునే అగ్గిపెట్టంత ఫ్యాన్లు. వాటికి ఆ సందుల్లోంచి గాలిని గుంజే బలం ఉండదు. పైగా కూలర్ కన్సోల్‌కి సరిగ్గా అతుక్కోకపోతే పక్క ఖాళీల్లోంచి బయటి గాలినే లాగి బయటికే వదులుతూ ఉంటాయి. లోపలి బ్లోయర్ జోరు అందుకున్నప్పుడు ఆ చిన్న రెక్కలు దాని దారికే అడ్డం అవుతాయి. ఈ కూలర్ ఉన్న కన్సోళ్ళని నేను దానితోనూ, దాన్ని తీసేసీ అరగంట చొప్పున నడిపించి వెనక గాలి వేడి కొలిచాను. రెండు మూడు డిగ్రీల తేడా కూడా కనపడలేదు. రెండింట్లో మాత్రం కూలర్ తీసేశాకే మోత తగ్గింది.

ఇప్పుడు మీరు ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష చెబుతాను. నేను ఏ కన్సోల్ వచ్చినా మూత విప్పేముందు ఇదే చేస్తాను. సాయంత్రం ఎండ తగ్గాక కన్సోల్‌ని అరలోంచి తీసి నాలుగు వైపులా ఖాళీ ఉన్న బల్ల మీద పెట్టండి. ఏదైనా పెద్ద ఆట ఇరవై నిమిషాలు ఆడనివ్వండి. తర్వాత వెనక గాలి వచ్చే చోట, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి.

గాలి జోరుగా, బాగా వేడిగా వస్తుంటే లోపల అంతా సరిగ్గా ఉన్నట్టే. చిప్ వేడిని రేకులు అందుకుంటున్నాయి, ఫ్యాన్ దాన్ని బయటికి తోస్తోంది. తప్పు పెట్టిన చోటుదో, గదిదో. ఇలా బయట పెట్టినప్పుడు ఆగకుండా ఆడితే మీ సమస్య ఆ ఇరుకు అర వల్లే.

మోత ఎక్కువగా ఉండి గాలి పీలగా వస్తుంటే దుమ్ము. నాకు వచ్చే వాటిలో సగం పైన ఇవే.

మోత ఉంది, గాలి జోరుగానే ఉంది, కాని గోరువెచ్చగా మాత్రమే ఉంది, అయినా ఆగిపోతోంది అంటే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందని అర్థం. వేడి చిప్ దగ్గరే ఆగిపోతోంది, రేకుల దాకా రావడం లేదు. ఇలాంటప్పుడు బయట ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఏం చేస్తాయి? కొత్త పేస్ట్ వేయాలి. పీఎస్ 4కి ఇది కష్టమైన పని కాదు, చేయి తిరిగిన వాళ్ళకి గంట పని.

మోతా లేదు, గాలీ లేదు అంటే ఫ్యాన్ పోయింది, లేదా ఏదో అడ్డుపడింది. వెంటనే ఆపేయండి, మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడొద్దు.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే మొదట మోత, తర్వాత మెసేజ్, అదీ ఏప్రిల్ నుంచే మొదలవడం చూస్తే, నాకు రెండోదే అనిపిస్తోంది. ఏప్రిల్ అని ఎందుకంటున్నానంటే, మనకి దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలు అప్పుడే. వరికోత మిషన్లు తిరుగుతుంటే నూగు దుమ్ము ఊళ్ళలోకి కొట్టుకొస్తుంది. తడి బట్టతో తుడిచిన టీవీ బల్ల సాయంత్రానికి మళ్ళీ తెల్లగా అవుతుంది. ఆ దుమ్మే కన్సోల్ కూడా పీలుస్తుంది. దానికి మన గాలిలోని తేమ తోడై, దుమ్ము పొడిగా రాలిపోకుండా రేకులకి అతుక్కుపోతుంది. మెట్ట ప్రాంతం నుంచి వచ్చే కన్సోళ్ళలో దుమ్ము ఊదితే ఎగిరిపోతుంది. మన డెల్టా ఊళ్ళ వాటిలో బ్రష్‌తో గీకాల్సి వస్తుంది.

రెండేళ్ళ కిందట అంబాజీపేట వైపు నుంచి ఒకాయన పీఎస్ 4 ప్రో తెచ్చారు. వాళ్ళ ఇంటి వెనకే కొబ్బరి పీచు తీసే షెడ్డు ఉంది. అప్పటికే రెండు రకాల కూలర్లు కొన్నారు, ఒకటి వెనక తగిలించేది, ఒకటి నిలువుగా నిలబెట్టే స్టాండు. రెండూ కలిపి మూడు వేల పైన ఖర్చు. విప్పి చూస్తే హీట్‌సింక్ ముఖం మీద ఎర్రటి పీచు దుమ్ము దిండులో దూదిలా పట్టేసి ఉంది. ట్వీజర్‌తో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. ఆ కూలర్లు గాలి లాగింది నిజమే, గాలితో పాటు మరింత పీచు లోపలికి లాగాయి. దుమ్ము తీసి, పేస్ట్ మార్చి, కూలర్లు రెండూ పక్కన పెట్టమన్నాను. మొన్న సంక్రాంతికి మళ్ళీ దుమ్ము తీయించుకోవడానికి వచ్చారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదట.

ఇక బొద్దింకలు. కన్సోల్ వెచ్చగా, చీకటిగా ఉంటుంది కాబట్టి అందులో చేరతాయి, ముఖ్యంగా పవర్ సప్లై దగ్గర. వాటి రెట్ట, గుడ్లు గాలి దారిలో పడతాయి, ఒక్కోసారి బోర్డుని షార్ట్ కూడా చేస్తాయి. వంటింటి గోడకి ఆనుకున్న టీవీ స్టాండు అయితే తప్పకుండా ఒకసారి విప్పించి చూడండి. కన్సోల్ లోపలికి మాత్రం బొద్దింకల స్ప్రే కొట్టకండి.

దుమ్ము తీయడంలో జనం చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. పంక్చర్ షాపుకి తీసుకెళ్ళి గాలి కొట్టించకండి. ఆ ట్యాంకులో నీళ్ళు, నూనె తుంపర ఉంటాయి, గాలితో పాటు అవీ బోర్డు మీద పడతాయి. ఆ ఒత్తిడికి ఫ్యాన్ దాని వేగానికి మించి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. పైగా బయట నుంచి ఊదితే దుమ్ము బయటికి రాదు, ఇంకా లోపలికి పోయి రేకుల్లో దిగబడుతుంది. చేతిలో పట్టుకునే చిన్న బ్లోయర్ చాలు. అదీ మూత తీశాక, ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని, వెనక నుంచి ముందుకి ఊదాలి. పీఎస్ 4 స్క్రూలు నక్షత్రం ఆకారంలో, మధ్యలో చిన్న పిన్నుతో ఉంటాయి. వాటికి టీ8 సెక్యూరిటీ బిట్ కావాలి. వేరే స్క్రూడ్రైవర్‌తో తిప్పి తల అరగదీసుకుని వచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. అలవాటు లేకపోతే తెలిసిన వాళ్ళ దగ్గర చేయించండి. నేను పేస్ట్‌తో సహా 900 నుంచి 1,300 వరకు తీసుకుంటాను, మీ దగ్గరా అటూ ఇటూగా అంతే ఉండొచ్చు. కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసినట్టు, ఏడాదికి ఒకసారి కోతలు అయిపోయాక చేయిస్తే సరిపోతుంది.

ఇక ఫ్యాన్ నిజంగా పనిచేసే చోటు. కొత్తగా కట్టుకునే ఇళ్ళలో గోడంతా చెక్క పని చేయిస్తున్నారు. టీవీ కింద అద్దం తలుపుతో ఒక అర, అందులో కన్సోల్. చూడటానికి చాలా బాగుంటుంది. కాని మీ స్లిమ్ ఆడుతున్నప్పుడు 80 వాట్ల దాకా తీసుకుంటుంది, ప్రో అయితే దాదాపు రెట్టింపు. మూసిన పెట్టెలో పాత రకం 80 వాట్ల బల్బు వెలిగించి పెట్టినట్టే అది. వెనక నుంచి వదిలిన వేడి గాలి గోడకి తగిలి, తిరిగొచ్చి పక్క సందుల్లోంచి మళ్ళీ లోపలికే పోతుంది. అమలాపురంలో ఒక ఇంట్లో ఇలాంటి అరలో థర్మామీటర్ పెట్టి చూశాను. గదిలో 32, అరలో నలభై నిమిషాలకి 49 డిగ్రీలు. ఆ కన్సోల్ వెనక కూడా మూడు ఫ్యాన్ల కూలర్ ఉంది. 49 డిగ్రీల గాలిని గుండ్రంగా తిప్పడం తప్ప పాపం అది ఇంకేం చేస్తుంది?

అక్కడ చేసింది చాలా చిన్న పని. వడ్రంగిని పిలిచి అర వెనక చెక్కకి పైన ఒక మూలన నాలుగున్నర అంగుళాల రంధ్రం కొట్టించాం. దానికి కంప్యూటర్‌లో వాడే 12 సెంటీమీటర్ల ఫ్యాన్ బిగించి, గాలి బయటికి పోయేలా తిప్పి పెట్టాం. చల్లగాలి రావడానికి కింద ముందువైపు రెండు వేళ్ళ సందు వదిలాం. ఆ చెక్కకీ గోడకీ మధ్య నాలుగు అంగుళాలు ఖాళీ ఉంది కాబట్టి ఇది కుదిరింది, లేకపోతే పక్క చెక్కకి పెట్టేవాళ్ళం. ఫ్యాన్‌కి కరెంటు విడిగా 12 వోల్టుల అడాప్టర్ నుంచి ఇచ్చాం. అంతా కలిపి వెయ్యి రూపాయల లోపే. మళ్ళీ కొలిస్తే అరలో 36. మీకు ఫ్యాన్ కొనాలనే ఉంటే కొనాల్సింది ఇది. పెద్ద రెక్క, నెమ్మదిగా తిరిగేది, మోత ఉండనిది, వేడిని అరలోంచి బయటికి పంపేది. మీ ఇంట్లో అర లేకపోతే ఇది కూడా అక్కర్లేదు. కన్సోల్‌కి వెనక ఒక మూర, పక్కల జానెడు ఖాళీ వదిలితే చాలు. అల్లిన టేబుల్ క్లాత్ మీదో, పరుపు మీదో పెట్టకండి.

భీమవరంలో గేమింగ్ సెంటర్ నడిపే కుర్రాడికీ ఇదే జరిగింది. ఆరు కన్సోళ్ళు ఒకే వరసలో, వెనక భాగాలన్నీ ఒకే గోడ వైపు. ఒక్కో దానికీ ఒక్కో కూలర్ పెట్టాడు, అయినా వేసవి సెలవుల్లో రోజుకి నాలుగైదు సార్లు ఆగేవి. గోడ పైన వంటింట్లో పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టించాం, బల్లని గోడకి అడుగున్నర ముందుకి జరిపాం. కూలర్లు ఆరూ తీసేశాడు.

కన్సోల్ యూఎస్‌బీ నుంచి ఫ్యాన్లకి కరెంటు ఇవ్వడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. ఆ పోర్ట్ ఇవ్వగలిగేది 5 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు, అంటే నాలుగున్నర వాట్లు. చౌక ఫ్యాన్ బేరింగ్ మన తేమకి తుప్పు పట్టి బిగుసుకుంటే దానికి మించి లాగుతుంది. అలా పోర్ట్ పోయిన కన్సోళ్ళు నాకు నాలుగు వచ్చాయి. ఒకదానికి బోర్డు మీద పనితో 2,800 అయింది. వేడి తగ్గించడానికి కొన్న వస్తువు వల్ల బోర్డు పోవడం చూస్తే బాధగా ఉంటుందండి, ముఖ్యంగా పిల్లలు దాచుకున్న డబ్బుతో కొన్నామని చెప్పినప్పుడు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 ముందువైపు ఎర్ర దీపాల వలయం చూపించి చచ్చిపోయేది. ఆ రోజుల్లోనే వెనక తగిలించే ఫ్యాన్లు మొదటిసారి జోరుగా అమ్ముడయ్యాయి. వాటిలో కొన్ని కన్సోల్ పవర్ దారిలోంచే కరెంటు తీసుకునేవి, కనెక్టర్ కరిగిపోయిందని ఫిర్యాదులు వచ్చాయి. అసలు జబ్బు చిప్ దగ్గరి టంకం అతుకుల్లో ఉండేది. వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి అవి తెగిపోయేవి. మైక్రోసాఫ్ట్ 2007 జులైలో వారంటీని మూడేళ్ళకి పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. 2010లో వచ్చిన కొత్త మోడల్‌లో తక్కువ వేడి పుట్టించే చిప్, లోపల ఒకే పెద్ద ఫ్యాన్ పెట్టారు. మందు లోపల వేశారు.

వేరే కన్సోళ్ళు ఉన్నవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రెండు మాటలు. పీఎస్ 5లో 12 సెంటీమీటర్ల పెద్ద ఫ్యాన్ ఉంది. పక్క పలకలు ఏ పనిముట్టూ లేకుండా ఊడతాయి, లోపల దుమ్ము చేరే రంధ్రాలు కనిపిస్తాయి, వాక్యూమ్ క్లీనర్‌తో అక్కడ లాగేయొచ్చు. అంతవరకు మీరే చేసుకోండి. కాని హీట్‌సింక్ మాత్రం విప్పనివ్వకండి. అందులో పేస్ట్ బదులు ద్రవ లోహం ఉంటుంది, అది కరెంటు పారనిస్తుంది, చుక్క పక్కకి జారితే బోర్డు పోతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వేడిని పైకి వదులుతుంది, కాబట్టి పైన రిమోట్లు, డిస్కులు పెట్టకండి. నింటెండో స్విచ్ కన్సోల్ అయితే దాన్ని టీవీకి కలిపే డాక్ చుట్టూ గాలి ఆడితే చాలు.

నీళ్ళు పోసే ఎయిర్ కూలర్ గాలి కన్సోల్ మీదకి తిప్పకండి. మన ఉక్కపోతలో అది చల్లబరిచేది తక్కువ, తడిపేది ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర ఊళ్ళ వాళ్ళకి ఈ మాట మరీ ముఖ్యం. ఉప్పుగాలికి లోపలి రేకులు తుప్పుపట్టిన కన్సోళ్ళు అటు నుంచే వస్తాయి. ఏసీ గది మంచిదే. కాని ఏసీలో చల్లబడి ఉన్న కన్సోల్‌ని వెంటనే హాల్లోకి తెచ్చి ఆన్ చేయొద్దు. చల్లటి మజ్జిగ గ్లాసు చుట్టూ నీటి బొట్లు పట్టినట్టే లోపల చెమ్మ పడుతుంది. అరగంట, నలభై నిమిషాలు ఆగి ఆన్ చేయండి. మీద ఐసు సంచులు పెట్టడం, తడి గుడ్డ కప్పడం లాంటివీ ఇందుకే వద్దు.

కూలర్ పెట్టాక బాగుందని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళు అబద్ధం చెబుతున్నారని అనను. నిలువు స్టాండు కొన్నవాళ్ళు కన్సోల్‌ని ఇరుకు అరలోంచి తీసి బయట పెట్టి ఉంటారు, వేడి అందుకే తగ్గి ఉంటుంది. స్టాండుగా అది పనికొస్తుంది. దాని ఫ్యాన్ ప్లగ్ పెట్టకుండా ఒకసారి ఆడి చూడమనండి.

ఇవాళ సాయంత్రం ఆ అరచేతి పరీక్ష చేసి నాలుగింటిలో ఏది కనిపించిందో ఇక్కడే రాయండి. కన్సోల్ ఇప్పుడు పెట్టిన చోటుని ఒక ఫోటో తీసి పెట్టండి, వెనక గోడ కనపడేలా. రెండోది అయితే విప్పించే ముందు మీ అబ్బాయి సేవ్ చేసుకున్న ఆటలన్నీ ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోమనండి.